నేల విడిచి సాము: లేజరు డేటాతో అడవినీ మంచునీ కొలిచే ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ముందు అసలు ఏం చేద్దామనుకుంటున్నానో రాసి పెట్టుకుంటా, లేకపోతే రెండు వారాలయ్యాక ఇది ఎందుకు మొదలుపెట్టానో నాకే గుర్తుండదు, ఇంతకుముందు రెండు ప్రాజెక్టులు అలాగే అటకెక్కాయి.

నాసా వాళ్ళ ఐస్‌శాట్-2 అని ఒక శాటిలైట్ ఉంది, 2018 సెప్టెంబర్‌లో ఎగిరింది. దాదాపు 500 కిలోమీటర్ల పైనుంచి కిందికి ఆకుపచ్చ లేజరు కొడుతూ పోతుంది, సెకనుకి 10,000 సార్లు. వెలుగు కిందికి పోయి మళ్ళీ పైకి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఎత్తు లెక్కేస్తారు, అంతే, సిద్ధాంతం రెండు లైన్లే. అంకెలే భయపెడతాయి. ఒక్కో పల్స్‌కి (ఒక్కో మెరుపుకి) బయల్దేరే ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, దాదాపు 20 లక్షల కోట్లు, తిరిగొచ్చి టెలిస్కోపులో పడేవి ఓ డజను. డజను! ఇంకోటి, రానూపోనూ వెయ్యి కిలోమీటర్లకి వెలుగుకి 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య గ్యాప్ 0.1 మిల్లీసెకనే, అంటే వెళ్ళిన పల్స్ ఇంటికి చేరేలోపు దాని వెనకాల ఇంకో ముప్పైకి పైగా దారిలోనే ఉంటాయి. ఇది కాగితం మీద వేసుకుని చూశాక కాసేపు అలాగే కూర్చుండిపోయా.

ప్లాన్ ఏంటంటే రెండు చోట్లు. ఒకటి బ్రెజిల్‌లో పారా రాష్ట్రంలో ఉన్న టపజోస్ నేషనల్ ఫారెస్ట్, అక్కడ చెట్ల ఎత్తు. రెండోది తూర్పు అంటార్కిటికాలో ఏమరీ ఐస్ షెల్ఫ్ (సముద్రం మీద తేలే మంచు పలక), అక్కడ ఎండాకాలం మంచు కరిగి పైన నిలిచే నీటి మడుగుల లోతు. డేటా అంతా ఫ్రీ, నాసా ఎర్త్‌డేటాలో అకౌంట్ తెరిస్తే చాలు. రెండు చోట్లకీ ఒకే కోడ్ సరిపోతుందని నా నమ్మకం, ఎందుకంటే రెండింట్లోనూ అడిగేది ఒకే ప్రశ్న: నేల ఎక్కడుంది, దాని మీద ఉన్నది ఎంత ఎత్తు? (ఈ వాక్యం తర్వాత చదువుకుని నవ్వుకోవడానికే ఉంచుతున్నా.)

3వ రోజు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఆకాశం సంగతి తర్వాత, ముందు టేబుల్ మీద చిన్న సెన్సరుతో మొదలుపెట్టా. వీఎల్53ఎల్1ఎక్స్ అని వేలిగోరంత చిప్, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజరు, నాలుగు మీటర్ల దాకా దూరం చెప్తుంది, కంటికి ప్రమాదం లేని రకం. ఆర్డ్వినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి తగిలించి ఒక స్టాండుకి పైన తలకిందులుగా కట్టి కిందికి చూసేట్టు పెట్టా. ఉత్త నేల మీద అయితే బంగారం, మిల్లీమీటర్ల తేడాతో ఒకటే అంకె.

కింద కుండీ మొక్క పెట్టగానే గోల మొదలైంది. ఈ సెన్సరు చూపు 27 డిగ్రీల శంకువు, రెండు మీటర్ల దూరంలో అది దాదాపు మీటరు వెడల్పు మచ్చ, అందులో ఆకులూ నేలా కుండీ అంచూ అన్నీ పడతాయి, అది మాత్రం ఒక్క అంకే చెప్తుంది. ఆ అంకె ఆకు ఎత్తూ కాదు నేల ఎత్తూ కాదు, మధ్యలో ఎక్కడో గాల్లో. ఫ్యాన్ వేస్తే ఆకులు ఊగి అంకె కూడా ఊగుతోంది. సో శాటిలైట్ విషయంలో కూడా మచ్చ ఎంత వెడల్పు అన్నది చిన్న విషయం కాదన్నమాట. ఐస్‌శాట్-2 మచ్చ నేల మీద సుమారు 11 మీటర్లు, 2003 నుంచి 2009 దాకా తిరిగిన పాత ఐస్‌శాట్‌ది 70 మీటర్లు. 70 మీటర్ల మచ్చలో ఏటవాలు కొండ మీద అడవి పడితే ఏమవుతుందో నా కుండీని చూశాక అర్థమైంది.

5వ రోజు

ఈసారి మంచు. 10 సెంటీమీటర్ల మందం గడ్డ, నీళ్ళని మరిగించి గడ్డ కట్టిస్తే కొంచెం క్లియర్‌గా వస్తుంది. కింద తెల్ల బోర్డు, దాని మీద గడ్డ, పైన సెన్సరు. సెన్సరు చూపుని సెట్టింగ్స్‌లో కుదించి గడ్డ దాటి బయటికి పోకుండా చూసుకున్నా. 200 రీడింగ్స్ సగటు తీస్తే బోర్డు ఉన్న చోటు కన్నా దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి చూపించింది! అంటే సెన్సరుకి గడ్డ దాదాపు కనపడనే లేదు, లోపలికి దూరి బోర్డుని తగిలి వచ్చింది, మంచులో వెలుగు నడక తగ్గుతుంది కాబట్టి (వక్రీభవన గుణకం 1.31) ఆలస్యంగా వచ్చింది, అది దాన్ని దూరం అనుకుంది. 10 ఇంటూ 0.31, 3.1. లెక్క అంత చక్కగా సరిపోవడం ఈ మధ్య కాలంలో నాకు జరగలేదు.

తర్వాత అదే గడ్డని పగలగొట్టి పొడి చేసి అదే ఎత్తుకి పోసి చూశా. ఈసారి రీడింగ్ పైభాగానికి దగ్గరగానే ఆగింది, కానీ సరిగ్గా పైన కాదు, కొంచెం లోపల. వెలుగు పొడిలోకి దూరి అటూ ఇటూ తగిలి తిరిగి తిరిగి వస్తోంది. ఆకుపచ్చ వెలుగుని మంచు పీల్చుకునేది ఇన్‌ఫ్రారెడ్‌తో పోలిస్తే చాలా తక్కువ, కాబట్టి శాటిలైట్ లేజరుకి ఈ తిరుగుడు ఇంకా ఎక్కువ ఉండాలి. డైరీలో చుక్క పెట్టుకుంటున్నా: మంచులో ‘పైభాగం’ అనేది కూడా ఒక అభిప్రాయమే.

8వ రోజు

అసలు డేటా. ఏటీఎల్03 అంటే ప్రతి ఫోటానుకీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు ఉండే ఫైలు. ఒక్కో ఫైలు జీబీల్లో ఉంటుంది, అందులో నాకు కావాల్సింది అడవి దాటే కాస్త ముక్క. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టే. ఐస్‌పిక్స్ అనే పైథాన్ లైబ్రరీతో ముందే ముక్క కోసి దింపుకోవచ్చని మూడు ఫైళ్ళు పూర్తిగా దింపాక తెలిసింది. సర్లే.

9వ రోజు

టపజోస్ మీద మొదటి ఎత్తు వచ్చింది. మీటర్లలో 3.4 పక్కన పది ఘాతం 38. మనం చూడగలిగే విశ్వం మొత్తం వెడల్పు కూడా పది ఘాతం 27 మీటర్లు దాటదు, నా చెట్టు దాన్ని దాటి పోయింది. జరిగిందేంటంటే ఏటీఎల్08 అని వాళ్ళే తయారుచేసి ఇచ్చే చెట్ల ఎత్తు ఫైళ్ళలో, ఎత్తు దొరకని చోట ఖాళీ పెట్టకుండా ఆ మహా అంకె పెడతారు, దాన్ని ముందు ఏరి పారేయాలి. పారేశాక 30, 35 మీటర్ల అంకెలు వచ్చాయి, ఆ అడవికి అవి నమ్మదగ్గవే.

కానీ ఒక ఫైల్లో మాత్రం అంతా చెత్త. సగం రోజు పోయింది దీనికి. శాటిలైట్ ఆరు గీతలు గీస్తుంది, మూడు జంటలు, ఒక్కో జంటలో ఒకటి బలమైనది, ఒకటి దాని నాలుగో వంతు బలం ఉన్నది. నేను ‘ఎల్’ అని పేరున్నవన్నీ బలమైనవి అనుకుని కోడ్ రాసేశా. సోలార్ ప్యానెళ్ళు ఎండకి తిరగాలి కాబట్టి ఏడాదికి రెండుసార్లు శాటిలైట్ ముందువెనకలు తిప్పుకుని ఎగురుతుంది, అప్పుడు బలమైనవి ‘ఆర్’ వైపుకి వెళ్ళిపోతాయి. ఎటు తిరిగి ఉందో చెప్పే అంకె ఫైల్లోనే ఉంది, ఒకటి అయితే ఆర్ బలం, సున్నా అయితే ఎల్ బలం. చదవాలి కదా, చదవలేదు.

12వ రోజు

ఫోటాన్లని ప్లాట్ వేసి మొదటిసారి కళ్ళారా చూశా. పగటి డేటా అయితే పేజీ నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలే చుక్కలు, అదంతా ఎండ. సూర్యుడి వెలుగులో కూడా అదే ఆకుపచ్చ ఉంటుంది కదా, డిటెక్టరుకి ఏ ఫోటాను మనదో ఏది ఎండదో తెలీదు. రాత్రి డేటా తెరిస్తే మబ్బు విడిపోయినట్టు ఉంటుంది, పైన చెట్ల తలలు గుబురుగా, కింద సన్నగా తెగీ తెగని గీత, అదే నేల.

చుక్కల్లో గుంపులు ఏరడానికి డీబీస్కాన్ అనే పద్ధతి వాడా, దగ్గర దగ్గరగా ఉన్న చుక్కల్ని ఒక గుంపుగా పట్టేది. మామూలుగా వాడితే పని చెయ్యదు, ఎందుకంటే అడ్డంగా 50 మీటర్లూ నిలువుగా 2 మీటర్లూ నేలకి ఒకటే లెక్క, నేల పొడుగ్గా సాగుతుంది కానీ నిలువుగా లేవదు. గుండ్రటి వలతో వెతికితే చెట్టు కొమ్మల్లో దొరికిన ప్రతి చిన్న గుంపునీ పట్టుకొస్తోంది. అడ్డంగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారపు వల వేశాక గీత దొరికింది. తర్వాత ఆ గుంపుల్లో అన్నిటికన్నా కిందది నేల, దాని మీద ఉన్న వాటిలో నూటికి 98వ స్థానం చెట్టు ఎత్తు అని రూల్ పెట్టా. 98 ఎందుకంటే మరీ పైన ఒంటరిగా ఉన్న ఫోటాను ఎండదో పక్షిదో చెప్పలేం, ఏటీఎల్08 వాళ్ళు కూడా ఇదే చేస్తారు.

20వ రోజు (మధ్యలో వేరే పనులు)

సరి చూసుకోవడానికి ఇంకో సాక్షి కావాలి కదా. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా వాళ్ళ సస్టైనబుల్ ల్యాండ్‌స్కేప్స్ ప్రాజెక్టులో విమానం మీద నుంచి తీసిన లైడార్ (లేజరుతో దూరం కొలిచే పద్ధతి) డేటా ఓపెన్‌గా ఉంది. విమాన లైడార్ అంటే ఒక్కో చెట్టుని విడిగా చూపించే రకం, అమెజాన్‌లో 88.5 మీటర్ల డినీజియా ఎక్సెల్సా చెట్టు ఉందని 2019లో బయటపెట్టింది విమాన లైడారే. విమానం ఎగిరిన ఏడూ శాటిలైట్ వెళ్ళిన ఏడూ ఒకటి కాదు కాబట్టి చెట్ల ఎత్తుల్లో కాస్త తేడా ఉంటే ఒప్పుకుంటా, నేల మాత్రం అంతలో ఎటూ పోదు.

పోదు కదా. రాత్రి, బలమైన గీత: నా నేల, విమానం నేల దగ్గర దగ్గరగా ఉన్నాయి, మీటరు అటూ ఇటూ. పగలు, బలహీనమైన గీత: చాలా చోట్ల నా నేల ఆరేడు మీటర్లు పైన ఉంది! ఆ ముక్కని పెద్దది చేసి చూశా. గుబురు అడవిలో కిందిదాకా చేరి, మళ్ళీ అన్ని ఆకుల్ని తప్పించుకుని పైకొచ్చే ఫోటాన్లు ఎన్ని ఉంటాయి, అక్కడో ఇక్కడో ఒకటి, దాన్ని నా డీబీస్కాన్ ఎండ అనుకుని పారేసింది. మిగిలిన వాటిలో ‘అన్నిటికన్నా కింద గుంపు’ ఏదీ అంటే మధ్య అంతస్తులో ఉన్న చిన్న చెట్ల తలలు. వాటినే నేల అనుకుని పైచెట్ల ఎత్తు కొలిచింది. అంటే అక్కడ నా చెట్లన్నీ ఆరేడు మీటర్లు పొట్టి. సగటు చూస్తే ఏమీ తెలీదు, అంకె నమ్మేట్టుగానే ఉంది. నేల విడిచి సాము అంటే నిజంగా ఇదే, ఇంత అక్షరాలా అవుతుందనుకోలేదు.

23వ రోజు

గెడీ డేటా కూడా కలిపా. ఇది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించిన లేజరు, 2018 డిసెంబర్‌లో పైకి వెళ్ళింది, ఇన్‌ఫ్రారెడ్ 1064 నానోమీటర్లు, మచ్చ 25 మీటర్లు. ఇది ఫోటాన్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టదు, తిరిగొచ్చిన వెలుగంతా కాలంతోపాటు ఎలా పెరిగి తగ్గిందో అల మొత్తం రికార్డు చేస్తుంది, పైన ఆకుల గుట్ట, కింద నేల గుట్ట. అడవి కోసమే చేసింది కాబట్టి అడవిలో నేలని పట్టుకోవడంలో నా కోడ్ కన్నా చాలా నయం, అందులోనూ ఫుల్ పవర్ గీతలు తీసుకుంటే. బాధ ఏంటంటే మచ్చ ఎక్కడ పడిందో చెప్పడంలో 10 మీటర్ల దాకా తేడా ఉంటుంది, పైగా 2023 మార్చి నుంచి 2024 ఏప్రిల్ దాకా పక్కన పెట్టేశారు కాబట్టి ఆ కాలం డేటానే లేదు. అంతరిక్ష కేంద్రం 51.6 డిగ్రీల అక్షాంశం దాటి పైకి పోదు, సో మంచుకి పనికిరాదు.

ఇక్కడే ఇంకో ఆశ కూడా చచ్చింది. అదే చెట్లని మూణ్ణెల్లకోసారి కొలిచి పెరుగుదల చూద్దామనుకున్నా. ఐస్‌శాట్-2 సరిగ్గా 91 రోజులకి పాత గీత మీదికే వచ్చేది ధ్రువాల దగ్గర, అడవుల మీద మాత్రం కావాలనే కొంచెం పక్కకి తిప్పి కొడతారు, ఖాళీలు నిండాలని. మంచి ఆలోచనే, నాకు మాత్రం పనికిరాలేదు.

27వ రోజు

ఏమరీ. 2019 జనవరి, అక్కడ ఎండాకాలం, ఐస్ షెల్ఫ్ మీద మడుగులు నిండి ఉన్న టైమ్. అదే కోడ్, ఒక్క అక్షరం మార్చకుండా నడిపా. మా తమ్ముడు వెనకాల నుంచి స్క్రీన్ చూసి, "అక్కా, అంటార్కిటికాలో అడవి మొలిచిందా ఏంటి, చెట్లు 4 మీటర్లు అంటోంది" అన్నాడు.

నిజంగానే అంది. ప్లాట్ తెరిస్తే మంచు మీద ఒక్కటే గట్టి గీత, అడవి చూసొచ్చిన కళ్ళకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను, మడుగు దగ్గరికి రాగానే అది రెండుగా చీలుతుంది, పైది పలకలాగా చదును, అది నీటి మట్టం, కిందది గిన్నెలాగా వంగింది, అది మడుగు అడుగు. ఆకుపచ్చ వెలుగు నీళ్ళలోకి దిగి అడుగుని తగిలి వచ్చింది. నా రూల్ ప్రకారం కిందది నేల, పైది చెట్ల తలలు. కోడ్ తప్పేం లేదు, దానికి అదే నేర్పా.

సరే, చెట్టు కాదు మడుగు అనుకుందాం, లోతు 4 మీటర్లా? అదీ కాదు. 5వ రోజు గడ్డ గుర్తుంది కదా, నీళ్ళలోనూ అదే కథ, గుణకం 1.33. నాలుగుని 1.33తో భాగిస్తే 3 మీటర్లు. గడ్డతో ఆడుకోకపోయి ఉంటే ఈ ఒక్క మీటరు నిశ్చింతగా మింగేసేదాన్ని.

ఇంకో తలనొప్పి, చదునైన నీటి మీద లేజరు అద్దంలో పడ్డట్టు పడి వెలుగు మరీ ఎక్కువగా వెనక్కి వస్తుంది, డిటెక్టరు ఉక్కిరిబిక్కిరై నీటి మట్టం కింద దొంగ గీతలు పుట్టిస్తుంది. వాటిని అడుగు అనుకుంటే అయిపోయాం. కనిపెట్టడం మాత్రం తేలికే, దొంగ గీత పైగీతకి సమాంతరంగా పోతూనే ఉంటుంది, నిజమైన అడుగు ఒడ్డుకి వచ్చేసరికి పైకి లేచి నీటి గీతలో కలుస్తుంది. ఒడ్డు దగ్గర కలవని దేన్నీ ఇప్పుడు నమ్మట్లేదు.

30వ రోజు

పక్కదారి, కానీ రాసుకోవాలి. ఎత్తులన్నీ సముద్ర మట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి దగ్గరగా లెక్కల కోసం పెట్టుకున్న డబ్ల్యూజీఎస్84 అనే ఊహా దీర్ఘగోళం నుంచి. అందుకే నిజం సముద్రం మీద కూడా సున్నా రాదు, శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రం ఆ లెక్కన 100 మీటర్లకి పైగా కింద ఉంటుంది. మడుగు లోతు, చెట్టు ఎత్తు లాంటివి తీసివేతలు కాబట్టి బతికిపోయా. ఏమరీ లాంటి ఐస్ షెల్ఫ్ నీటి మీద తేలుతుంది కాబట్టి ఆటుపోట్లకి పైకీ కిందకీ లేస్తుంది కూడా, ఆ సవరణ ఏటీఎల్03 ఎత్తుల్లో కలిపి ఇవ్వరు, పక్కన అంకె పెడతారు, మనమే తీసెయ్యాలి.

అలాగే జంట గీతలు ఎందుకో ఇప్పుడు బుర్రకెక్కింది. మంచు ఒక డిగ్రీ వాలు ఉంది అనుకుంటే, లేజరు రెండోసారి 50 మీటర్లు పక్కకి పడితే ఎత్తులో 87 సెంటీమీటర్ల తేడా కనపడుతుంది, మంచు ఒక్క సెంటీమీటరు కూడా కరగకుండానే. పాత ఐస్‌శాట్‌కి ఒకటే గీత, వాలో కరగడమో అది విడదీయలేదు. ఇప్పుడు 90 మీటర్ల దూరంలో రెండు గీతలు కాబట్టి వాలు ఎంతో అక్కడికక్కడే తెలుస్తుంది. వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం మంచు పలక మొత్తం మీద ఏడాదికి 0.4 సెంటీమీటర్ల మార్పుని పట్టడం. ఇలా పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి 2003 నుంచి 2019 దాకా చూస్తే గ్రీన్లాండ్ ఏడాదికి సగటున 200 గిగాటన్నుల మంచు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు), అంటార్కిటికా 118 గిగాటన్నులు పోగొట్టుకున్నాయని తేల్చారు, సముద్రం దానివల్ల 14 మిల్లీమీటర్లు పెరిగింది. నేను ఇక్కడ చెట్టుకి ఆరేడు మీటర్లు తప్పుతూ కూర్చున్నా, వాళ్ళు మిల్లీమీటర్లతో మాట్లాడుతున్నారు.

34వ రోజు

కోడ్‌ని రెండు ముక్కలు చేసేశా. ఒకే కోడ్ అన్న మొదటి రోజు మాట పోయింది, పోనీ. మంచు ముక్కలో ముందు చదునైన గట్టి గీత నీటి మట్టం, ఆ తర్వాతే కిందికి వెతుకు. అడవి ముక్కలో పగటి బలహీన గీతల్ని అసలు తీసుకోవట్లేదు, 100 మీటర్ల ముక్కలో నేల ఫోటాన్లు సరిపడా లేకపోతే ఎత్తు రాయకుండా ఖాళీ వదిలేస్తోంది. దీంతో టపజోస్ మ్యాప్ జల్లెడలాగా తయారైంది, ఇంతకుముందు నిండుగా అందంగా ఉండేది. తమ్ముడికి పాతదే నచ్చింది.

ఏమరీలో ఒక మడుగు ఇంకా మొండికేస్తోంది, రెండు ఒడ్ల దగ్గరా అడుగు చక్కగా కిందికి దిగుతూ కనిపిస్తుంది, మధ్యలో మాయమైపోతుంది. అక్కడ నీళ్ళు మరీ లోతా, లేక అడుగున ఏదైనా నల్లగా పేరుకుందా అన్నది ఈ ఒక్క గీతతో తేలదు. రెండు వైపుల వంపునీ పొడిగించి కలిపేస్తే అంకె వస్తుంది, చెయ్యి దురద పెడుతోంది కూడా, కానీ దాన్ని చుక్కల గీతగానే ఉంచా. టపజోస్ మీద రాత్రి వెళ్ళిన బలమైన గీతలన్నీ డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకుంటున్నా, 61 శాతం అయింది.